గాంధిమతి నెత్తురు తూకం

విరుదునగరు మిరపకాయల మండిలో గాంధిమతి మూటను విప్పి చూసే అలవాటు ఎవరికీ లేదు. ముప్పై ఏళ్ళుగా లేదు. తక్కిన రైతుల మూటల్లో తూకం మనిషి ఇసక్కి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి నాలుగు కాయలు లాగి, చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటేనే మూట కాటా ఎక్కుతుంది. లేకపోతే మొహం చూడకుండా పక్కకు నెట్టేస్తాడు. గాంధిమతి మూటకు మాత్రం ఆ పరీక్ష లేదు. మూతి కుట్టు చూసి, "కోవిల్‌పట్టి అక్క వచ్చింది" అని నేరుగా ఎత్తిస్తాడు.

ఈ గౌరవం ఊరికే రాలేదు. ఆమె ఊరు కోవిల్‌పట్టికి అయిదు మైళ్ళు, నల్లరేగడి భూమి. కాయ కోసినాక పదిహేను రోజులు కళ్ళంలో ఎండాల్సిందే. రోజూ తిప్పాలి, సాయంత్రం కుప్ప చెయ్యాలి, మంచు తగలకుండా కప్పాలి. మూట కట్టేటప్పుడు ఎండిన కాయ విరుగుతుందని ఊళ్ళో అందరూ చెంబుడు నీళ్ళు చిలకరిస్తారు. అది మోసమని కూడా ఎవరూ అనుకోరు, కాయ మెత్తబడడానికి అంటారు. గాంధిమతి చుక్క చల్లదు. విరిగినవి విరగనీ, వాటితో ఇంట్లో కారం కొట్టుకుంటానంటుంది. నీళ్ళు చల్లేవాళ్ళను చూస్తే ఆమె నోటికి గొళ్ళెం ఉండదు. తోడికోడలితో పన్నెండేళ్ళు మాట్లాడకపోవడానికి కారణం కూడా ఒక చెంబు నీళ్ళే.

అరవై ఏడేళ్ళ మనిషి. అరవంలో మూడో తరగతి దాకా చదివింది. బస్సు బోర్డూ, కరెంటు చీటీ చదవగలదు. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే మాట. దాని అక్షరం ఎట్లా ఉంటుందో చూడలేదు, చూడలేదని దిగులూ లేదు. భర్త పోయి పదకొండేళ్ళయింది. కొడుకు ఆనంద్‌కుమార్ కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో ఆఫీసు పని చేస్తాడు. కోడలు సింధుజ అక్కడే బళ్ళో లెక్కల టీచరు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. ఇంటి పెత్తనం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

రెండేళ్ళ కిందట గాంధిమతికి కడుపు మెలిపెట్టింది. మదురైలో చూసి, చిన్న పేగులో చిక్కుడు గింజంత గడ్డ ఉందన్నారు. క్యాన్సరు జాతిదే గానీ మెల్లగా నడిచే రకం. గడ్డతో పాటు జానెడు పేగు తీసేశారు. అంతా తీసేశామనీ, కానీ కన్నేసి ఉంచాలనీ చెప్పి పంపారు. ఏడాదికొకసారి స్కాను, ఆరు నెలలకొకసారి నెత్తురు పరీక్ష. ఆ పరీక్షల బాధ్యత విరుదునగరులో డాక్టరు మహేశ్వరిప్రియది.

పరీక్ష పేరు క్రోమోగ్రానిన్. గాంధిమతి ఆ పేరుతో కుస్తీ పట్టలేదు. నెత్తురు తూకం అంది. డాక్టరమ్మకు ఆ మాట నచ్చింది.

"అంతేనమ్మా," అందావిడ మొదటిసారి, అరవంలో. "అట్లాంటి గడ్డ కణాలు ఒక రకం ప్రోటీనును నెత్తురులోకి వదులుతాయి. అది ఎంతుందో తూచి చూస్తాం. ఈ ల్యాబు లెక్కలో నూరు లోపల ఉండాలి. గడ్డ తిరిగొస్తే అంకె పెరగొచ్చు. అయితే అంకె పెరిగిందంటే గడ్డ వచ్చిందనే అర్థం కాదు. వేరే కారణాలూ ఉంటాయి."

ఈ మాటల్లో మొదటి సగం గాంధిమతికి గుర్తుంది. రెండో సగం మెట్లు దిగేలోపలే జారిపోయింది. ఎవరికైనా అంతే. చేతికొక కాగితం కూడా ఇచ్చారు, పరీక్షకు ముందు ఏం చెయ్యాలో, ఏం మానాలో అరవంలో అచ్చేసిన కాగితం. అది పసుపు సంచిలో మందుల అడుక్కు చేరింది.

అరవై రెండు, డెబ్బై, అరవై ఆరు. మూడుసార్లూ అంకె బుద్ధిగా ఉంది. గాంధిమతి మళ్ళీ కళ్ళంలోకి దిగింది. కూలికొచ్చే ముత్తుప్పేచ్చితో సమానంగా ఎండలో నిలబడింది. పేగు కోసిన మనిషి మిరపకాయ పచ్చడి ముద్ద మింగుతుంటే చూడమని చుట్టాలను పిలిచి మరీ తిన్నది.

ఆ పచ్చడికి వెనక ఒక రహస్యం ఉంది. పోయిన దీపావళినుంచి ఆమెకు గుండెల కింద మంట. మంటని ఇంట్లో చెబితే సింధుజ మొదట లాక్కునేది మిరపకాయే. మిరప పండించే మనిషి చప్పిడి తినడం కన్నా సిగ్గు ఏముంటుంది. అందుకని ఊళ్ళో మందుల కొట్టు చెల్లయ్య దగ్గర గ్యాసు మాత్ర తెచ్చుకుంది. పొద్దున్నే కాఫీకి ముందు ఒకటి. అట్టను మందుల సంచిలో పెట్టలేదు. తమలపాకుల పెట్టెలో, సున్నం డబ్బా పక్కన పెట్టింది. వీధిలో సగం మంది పొద్దున ఆ మాత్రతోనే నోరు తెరుస్తారు. పళ్ళపొడిని మందని ఎవరంటారు? గ్యాసు మాత్రా అంతే.

ఈ పంగుని మాసంలో, అంటే మార్చి ఆఖర్లో, నాలుగో తూకం వచ్చింది. సాయంత్రం కళ్ళంలో కాయ కుప్ప చేస్తుండగా సింధుజ ఫోను చూసుకుంటూ వచ్చి, చూసింది చెప్పకుండా నిలబడింది.

"నోట్లో ఏం పెట్టుకోనుండావు, చెప్పు," అంది గాంధిమతి.

"నాలుగు వందల పన్నెండు, అత్తా."

ముత్తుప్పేచ్చికి తెలుగు రాకపోయినా ఆ మొహాలు చూసి చేట కింద పెట్టేసింది. గాంధిమతి మాత్రం కుప్ప మీద పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అప్పుడు కూర్చుంది.

ఆనంద్‌కుమార్ రాగానే నిర్ణయాలు చేసేశాడు. రేపు డాక్టరమ్మను చూడాలి. ఆవిడ మదురై పొమ్మంటుంది. మదురైలో ఎన్నాళ్ళుండాలో తెలియదు. కాబట్టి మిరపకాయ మూట కట్టి రేపే మండికి తోలేయాలి.

"ఇంకా నాలుగు దినాలు ఎండాల్సి ఉందిరా," అంది గాంధిమతి.

"నువ్వు ఉండేదే ముఖ్యమా, కాయ ఎండేదే ముఖ్యమా అమ్మా?"

మామూలు రోజైతే ఈ ప్రశ్నకు ఆమె ఇచ్చే జవాబు నాలుగిళ్ళకు వినిపించేది. ఆ రోజు "నీ ఇష్టం" అంది. ఆ రెండు మాటలకు ఆనంద్‌కుమార్ నాలుగు వందల పన్నెండు కన్నా ఎక్కువ బెదిరిపోయాడు.

ఆ రాత్రి మూటలు ఆనంద్‌కుమారే కట్టాడు. తెల్లారి అవి సామాను ఆటోలో ముందు పోయాయి. వీళ్ళు ముగ్గురూ సాత్తూరు మీదుగా బస్సులో విరుదునగరు చేరారు. డాక్టరు మహేశ్వరిప్రియ పొట్ట నొక్కి చూసింది. మొహం అప్పుడప్పుడూ ఎర్రబడుతోందా, విరేచనాలవుతున్నాయా, బరువు తగ్గారా అని అడిగింది. ఏదీ లేదు. మూత్రపిండాల రిపోర్టు చూసింది. బాగానే ఉంది. పసుపు సంచిలోని మందులన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే తిప్పి చూసింది. బీపీ మాత్ర, ఎముకల మాత్ర, అంతే.

"ఇవి కాక ఇంకేమైనా వేసుకుంటున్నారా? కడుపు మంటకో, గ్యాసుకో?"

"నాకేం గ్యాసు డాక్టరమ్మా. రాళ్ళు తిన్నా అరుగుతాయి," అంది గాంధిమతి, కోడలు వినేట్టు.

డాక్టరమ్మ ఆ మాట నమ్మి కాగితం మీద ఏమీ లేదని రాసుకుంది. నమ్మేట్టుగానే చెప్పింది మరి. మదురైలో స్కానుకు రోజు అడిగి చెబుతానంది. స్కాను చూడకుండా ఏమీ తేల్చకండి, ఒక్క అంకెతో జబ్బు తేలదు అని రెండుసార్లు చెప్పింది. ఆనంద్‌కుమార్ తల ఊపాడు గానీ వాడి కళ్ళు అప్పటికే ఆస్పత్రి మంచం చుట్టూ తిరుగుతున్నాయి.

అక్కణ్ణుంచి మండికి పోయారు. ఇసక్కి ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఈ ఏడు ముందే వచ్చావేమక్కా అన్నాడు. జవాబు కోసం ఆగకుండా మొదటి మూట మూతి చూసి కాటా మీదికి ఎత్తించాడు. చెయ్యి పెట్టలేదు.

కాటా ముప్పై తొమ్మిది కిలోలు చూపించింది.

గాంధిమతికి గోతం కొలతలు కొట్టినపిండి. ఆ గోతానికి ముప్పై పడుతుంది. మరీ కూరితే ముప్పై ఒకటి.

"ఇసక్కీ, చెయ్యి పెట్టి చూడు," అంది.

"నీ మూటలోనా అక్కా?"

"నా మూటలోనే."

ఇసక్కి మొహమాటపడుతూ కుట్టు విప్పి చెయ్యి దూర్చాడు. బయటికొచ్చిన కాయ తోలులా వంగింది. చెవి దగ్గర ఆడిస్తే ఉలుకూ పలుకూ లేదు. వేళ్ళకు తడి అంటింది. చుట్టూ ఉన్న నలుగురూ మూట మీది పేరుకేసి చూశారు. పేరు మీద నుంచి ఆమెకేసి చూశారు. గాంధిమతి కొడుకు వైపు తిరిగింది.

"నీళ్ళు చల్లితివా?"

"విరిగిపోతుందని రవ్వంత చిలకరిస్తిని అమ్మా. అందరూ చేసేదే. అది కూడా తడేనా?"

తిట్టడానికి నోరు తెరిచింది. మాట అంతా నోట్లో సిద్ధంగానే ఉంది. కాటా అబద్ధం చెప్పదురా, నువ్వు తెచ్చిన మూటే అబద్ధం అని. అందరూ చేసేదైతే తడి తడి కాకుండా పోతుందా అని. అడిగేవాడు నమ్మి అడక్కుండా ఎత్తిస్తే నువ్వు చెప్పాలా వద్దా అని. ముప్పై ఏళ్ళుగా ఊరందరినీ తిట్టిన తిట్టే, ఒక్క అక్షరం వెతుక్కోనక్కర్లేదు.

కానీ నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పొద్దున డాక్టరమ్మ అడిగింది. గ్యాసుకు ఏమైనా వేసుకుంటున్నారా అని అడిగింది. లేదని చెప్పింది ఎవరు?

గాంధిమతి నోరు మూసుకుంది. నడుముకు చెక్కుకున్న సంచిలో తమలపాకుల పెట్టె తడిమి చూసుకుంది.

"మూటలన్నీ ఆటోలో తిరిగి ఎక్కించు ఇసక్కీ. ఎండబెట్టి తెస్తా," అంది. తర్వాత కొడుకుతో, "డాక్టరమ్మ ఇంకా ఉంటుంది. పద," అంది.

"మరల ఏంటికమ్మా?"

"అక్కడ కూడా ఒక తప్పు మూట ఎక్కిస్తిని."

డాక్టరమ్మ గది ముందు పదిమంది ఉన్నారు. గాంధిమతి వరసలో కూర్చోలేదు. నర్సు అడ్డం వస్తే, "నేను అబద్ధం చెప్పి పోతిని, దాన్ని దిద్దేదానికి టోకెను కావాలా?" అని లోపలికి పోయింది. బల్ల మీద తమలపాకుల పెట్టె పెట్టి తెరిచింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బా, వాటి మధ్య సగం ఖాళీ అయిన మాత్రల అట్ట.

డాక్టరు మహేశ్వరిప్రియ అట్ట వెనక పేరు చదివింది. కుర్చీలో వెనక్కి వాలింది.

"ఎన్నాళ్ళుగా?"

"దీపావళినుంచి. రోజూ ఒకటి. మంట ఎక్కువైతే రెండు. ఇది మందని నేను లెక్కబెట్టలేదమ్మా. అంటే, కొంచెం లెక్కబెట్టినాను. అందుకే దాచిపెట్టినాను."

వెనక నిలబడ్డ సింధుజ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆనంద్‌కుమార్‌కు తెలియలేదు.

"వినండమ్మా," అంది డాక్టరమ్మ. "ఈ మాత్ర కడుపులో పులుపు ఊరకుండా చేస్తుంది. పులుపు తగ్గితే కడుపు ఊరుకోదు, ఇంకా చెయ్యమని కబురు పంపుతుంది. ఆ కబురుకు కదిలే కణాలు కూడా మనం నెత్తురులో తూచే ప్రోటీనునే వదులుతాయి. అంటే గడ్డ లేకపోయినా అంకె పెరుగుతుంది. రెండింతలు, నాలుగింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మిషనుకు అది గడ్డనుంచి వచ్చిందా, కడుపునుంచి వచ్చిందా తెలియదు. ఎంతుందో అంతే చెబుతుంది."

"అంటే కాటా సరిగానే తూచింది."

"సరిగానే తూచింది."

"మూట తడిసింది."

విరుదునగరులో పుట్టి పెరిగిన మనిషి డాక్టరమ్మ. ఆమెకు ఇంకా విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. "అవును. ఎండబెట్టి మళ్ళీ తూద్దాం," అంది. "పదిహేను రోజులు ఈ మాత్ర ముట్టుకోవద్దు. మంట వస్తే పాలలా తెల్లగా ఉండే మందొకటి రాసిస్తా, అది తాగండి, వేరేది కాదు. మీకు కడుపులో పుండు లేదు గనక ఆపమంటున్నా. ఉన్నవాళ్ళు ఇట్లా అడక్కుండా ఆపకూడదు, మీ ఊరికెళ్ళి అందరికీ వైద్యం చెయ్యొద్దు. బీపీ మాత్ర మానొద్దు. పదహారో రోజు పరగడుపున రండి. పాత ల్యాబులోనే ఇవ్వాలి. ఒక ల్యాబు అంకెకూ ఇంకో ల్యాబు అంకెకూ పొంతన పెట్టకూడదు."

"ఒక మండి కాటా లెక్క తీసుకుపోయి ఇంకో మండిలో వాదులాడినట్టు," అంది గాంధిమతి.

"స్కాను?" అన్నాడు ఆనంద్‌కుమార్.

"రోజు తీసుకునే ఉంచుతా. అంకె దిగితే మామూలు గడువుకే చేద్దాం. దిగకపోతే ఆ వారమే పోతారు."

బస్సులో సింధుజ అత్త పక్కన కూర్చుంది.

"అయిదు నెలలు, అత్తా. ఆకుల పెట్టెలో."

"నువ్వు మిరపకాయ మాన్పిస్తావని."

"ఇప్పుడు పదిహేను దినాలు నేను చెప్పకుండానే మానుతారు."

గాంధిమతి కిటికీలోంచి బయటికి చూసింది. ఈ కోడలికి నోరు లేదనుకున్నదే, ఎవరి దగ్గర నేర్చిందో అనుకుంది. కొంచెం గర్వంగా కూడా అనుకుంది.

ఇంటికి రాగానే మూటలు విప్పి కాయను మళ్ళీ కళ్ళంలో పరిచారు. చెల్లయ్య కొట్టుకు తనే పోయి అట్ట బల్ల మీద పడేసింది. "ఇంకమీద నేనడిగినా చీటీ లేకుండా ఇయ్యొద్దు," అని అరవంలో చెప్పింది. ఊరంతా తీసుకుపోతుందమ్మా అన్నాడు చెల్లయ్య. "ఊరంతా తడిసింది, నీ పుణ్యం," అని వచ్చేసింది.

మొదటి నాలుగు రోజులూ మంట మామూలుగా రాలేదు. మాత్ర ఆపినందుకు కడుపు కక్ష తీర్చుకున్నట్టు రెండింతలై వచ్చింది. పాల మందు తాగేది. పెరుగన్నంలో ఉప్పు తప్ప మరేదీ లేదు. ఎదురుగా ఎర్రటి కాయ ఎకరమంత పరుచుకుని ఉంటే మిరప రాణి చప్పిడి మెతుకులు నములుతోందని ముత్తుప్పేచ్చి ఎగతాళి చేసింది. "నీ నోరే చాలు నాకు కారం," అంది గాంధిమతి.

రోజూ కాయ తిప్పుతూ ఆమె ఒక సంగతి ఆలోచించింది. ఎండిన తర్వాత కూడా బరువుంటే? అప్పుడది నీళ్ళ బరువు కాదు. కాయ బరువే. మండిలో ఆ బరువును ఒప్పుకుని తీరాలి, ఇక్కడా అంతే. మదురై పోవాలి, మంచం ఎక్కాలి, మళ్ళీ కోయాలంటే కోయనివ్వాలి. ఈ ఆలోచన వచ్చిన మొదటి రోజు కాయ తిప్పడం సగంలో ఆపేసింది. పదో రోజుకు ఆపకుండా తిప్పింది. భయం పోలేదు గానీ, తెలియని అంకెకు బెదరడం కన్నా ఎండిన అంకెకు బెదరడం మేలని తోచింది. ఆనంద్‌కుమార్ కూడా ఆ పది రోజులూ ఆఫీసునుంచి రాగానే చొక్కా విప్పి కాయ తిప్పాడు. చెంబు ఉన్న వైపు చూడలేదు.

పదహారో రోజు పరగడుపున నెత్తురిచ్చి వచ్చింది. రిపోర్టు రావడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది. ఆరో రోజు మధ్యాహ్నం సింధుజ బడినుంచే ఫోను చేసింది.

"అత్తా, డెబ్బై ఎనిమిది."

"నూటికి పైన డెబ్బై ఎనిమిదా, ఉత్త డెబ్బై ఎనిమిదా?"

"ఉత్త డెబ్బై ఎనిమిది."

"లెక్కల టీచరువి, సరిగా చూసినావు గదా."

"మూడుసార్లు చూస్తిని."

గాంధిమతి ఫోను పెట్టేసి, కళ్ళంలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. ముత్తుప్పేచ్చి చేతికిచ్చి ఆడించమంది. ఇద్దరూ మూటలు కట్టడం మొదలుపెట్టారు. విరిగిన కాయ ఒక చేటెడు మిగిలింది.

మర్నాడు మండిలో ఇసక్కి మూతి కుట్టు చూసి మూట ఎత్తించబోయాడు.

"ఆగు," అంది గాంధిమతి. "ఇంకమీద నా మూటలో కూడా చెయ్యి పెట్టు."

"ఎందుకక్కా, నీ మాట చాలదా?"

"నా మాట నాకే చాలలేదు. నువ్వు చెయ్యి పెట్టు."

ఇసక్కి మోచేతి దాకా దూర్చి అడుగునుంచి నాలుగు కాయలు తీశాడు. చెవి దగ్గర ఆడించాడు. గలగలలు పక్క మూట మనిషికి కూడా వినిపించాయి. కాటా ముప్పై చూపించింది.

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి పోయారు. లోపలికి పంపేముందు నర్సు నోటుపుస్తకం తీసి, ఏమేం మందులు వేసుకుంటున్నారమ్మా అని అడిగింది. గాంధిమతి పసుపు సంచి బోర్లించింది. తర్వాత తమలపాకుల పెట్టె తెరిచి దాన్ని కూడా పక్కన బోర్లించింది. ఆకులు, వక్కలు, లవంగాలు, తలనొప్పి తైలం, సున్నం డబ్బా బల్లంతా దొర్లాయి.

నర్సు కలం ఆపి చూసింది. "సున్నం కూడా రాయాలా?"

"రాసుకోమ్మా," అంది గాంధిమతి, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. "తెచ్చి పొయ్యడం నా పని. ఏది తడో చెప్పేది మీ పని."